దించక ముందే తేలాలి: ఆటోమేటిక్ గేర్ బాక్స్ మరమ్మతుపై ఒక సమీక్ష

ఆటోమేటిక్ గేర్ బాక్స్‌ను కారు నుంచి దించేశాక దాని లోపాన్ని పట్టుకునే దారులు చాలావరకు మూసుకుపోతాయి. ఆయిల్ ఒత్తిడి కొలవడం కుదరదు. ఏ గేర్‌లో జారుతోందో చూడటం కుదరదు. అరగంట నడిచి వేడెక్కాక మాత్రమే వచ్చే కుదుపును బల్ల మీద మళ్లీ రప్పించలేం. అయినా మన షెడ్లలోనూ, అద్దాల గోడల సర్వీస్ సెంటర్లలోనూ "బాక్స్ పోయింది సార్, దించాలి" అనే మాట చాలాసార్లు పరీక్షలకు ముందే వచ్చేస్తోంది. ఆ ఒక్క మాటతో చాలా కార్లలో ఖర్చు లక్ష దాటుతుంది. నిజంగా దించి తీరాల్సిన బాక్సులు ఉంటాయి, కాదనను. ఒక సెన్సరో, ఒక సోలినాయిడో మార్చినా, సరైన ఆయిల్ పోసినా చక్కబడేవి కూడా వాటితో పాటు దిగిపోతున్నాయి. ఈ రెంటినీ విడదీయడం ఎలాగన్నదే ఈ పనిలో అసలు ప్రశ్న. దించే పద్ధతి గురించి మాట్లాడుకోవాల్సింది ఆ తర్వాతే.

ముందు ఏ బాక్స్ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ ఆటోమేటిక్ అనేస్తాం గానీ లోపల ఉన్నవి నాలుగు వేరువేరు యంత్రాలు. అన్నిటికన్నా పాతది టార్క్ కన్వర్టర్ రకం. ద్రవం ద్వారా శక్తిని అందించే ఈ పద్ధతికి జర్మన్ ఇంజనీర్ హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కాదు, ఓడల కోసం. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ అమర్చిన హైడ్రామాటిక్, భారీగా తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్. ఇన్నోవా క్రిస్టాలో, క్రెటా 6 గేర్ల ఆటోమేటిక్‌లో ఉన్నది ఈ వంశమే. రెండోది సీవీటీ. ఇందులో గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది; హోండా సిటీలో చాలామంది చూసే ఉంటారు. మూడోది రెండు క్లచ్‌ల డీసీటీ, ఫోక్స్‌వ్యాగన్ డీఎస్‌జీ పేరుతో అమ్మేది. నాలుగోది ఏఎంటీ. 2014లో మారుతి సెలెరియోతో మన మధ్యతరగతి ఇళ్లకు చేరిన ఈ బాక్స్ నిజానికి మామూలు మాన్యువల్ బాక్సే. క్లచ్ నొక్కే పని, గేర్ మార్చే పని యాక్చుయేటర్ చేస్తుంది.

"బయల్దేరేటప్పుడు బండి వణుకుతోంది" అనే ఒకే ఫిర్యాదుకు ఈ నాలుగింటిలో అర్థాలు వేరు. ఏఎంటీలో అది అరిగిన క్లచ్ ప్లేటు కావచ్చు, క్లచ్ పట్టే చోటును కంప్యూటర్‌కు మళ్లీ నేర్పితే పోయేదీ కావచ్చు. డ్రై క్లచ్ డీసీటీలో ముందు క్లచ్ జోడీనే అనుమానించాలి. టార్క్ కన్వర్టర్ బాక్స్‌లో అదే వణుకు చాలాసార్లు ఇంజిన్ మౌంటింగ్ దగ్గర తేలుతుంది. పనితనం ఎక్కువగా కావలసింది టార్క్ కన్వర్టర్ రకానికే కాబట్టి ఈ వ్యాసం ప్రధానంగా దాని చుట్టూ నడుస్తుంది.

ఆ బాక్స్‌లో బయల్దేరేటప్పుడు ఇంజిన్‌నూ గేర్లనూ కలిపేది ఇనుము కాదు, ఆయిల్. ఇంజిన్‌తో తిరిగే భాగం ఆయిల్‌ను విసురుతుంది, ఆ వేగానికి ఎదుటి టర్బైన్ తిరుగుతుంది. నడుమ ఉన్న స్టేటర్ ప్రవాహాన్ని మళ్లించి, బండి కదిలే వేళ టార్క్‌ను దాదాపు రెట్టింపు చేస్తుంది. వేగం పుంజుకున్నాక లాకప్ క్లచ్ రెంటినీ కలిపి పట్టేస్తుంది. వెనక ప్లానెటరీ గేర్ల పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. వాటిలో దేన్ని తిప్పాలో దేన్ని ఆపాలో నిర్ణయించేవి క్లచ్ ప్యాక్‌లు, బ్రేకులు. వాటిని నొక్కేది ఆయిల్ ఒత్తిడి. ఆ ఒత్తిడిని పుట్టించేది పంపు, పంచిపెట్టేది వాల్వ్ బాడీ, వాల్వ్ బాడీని నడిపేవి సోలినాయిడ్లు, సోలినాయిడ్లకు ఆజ్ఞలిచ్చేది కంప్యూటర్. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా డ్రైవర్‌కు తెలిసేది ఒక్కటే: బండి జారుతోంది, లేదా కుదుపుతోంది.

అందుకే పని తెలిసిన మెకానిక్ బానెట్ ఎత్తకముందు ప్రశ్నలు వేస్తాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఏ గేర్ నుంచి ఏ గేర్‌కి? రివర్స్ ఎలా ఉంది? ఈ మధ్య బ్యాటరీ మార్చారా, నీళ్లలో నడిపారా, బండిని తాడు కట్టి లాగించారా? ఆ చివరి ప్రశ్న చాలామందికి తోచదు. ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కారును ఆ చక్రాలు నేల మీదే ఉంచి కిలోమీటర్ల కొద్దీ లాగితే లోపలి బుష్‌లు, బేరింగులు ఆయిల్ అందక అరుగుతాయి. చిన్న లోపంతో ఆగిన బండి షెడ్డుకు చేరేసరికి పెద్ద లోపంతో దిగుతుంది.

ఆ తర్వాత టెస్ట్ డ్రైవ్. హ్యుందాయ్, కియా కార్లలో విరివిగా కనిపించే 6 గేర్ల బాక్స్‌నే తీసుకుందాం. అందులో అండర్‌డ్రైవ్ క్లచ్ 1 నుంచి 4 దాకా పట్టి ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ క్లచ్ 4, 5, 6లో పట్టుకుంటుంది. 26 బ్రేక్ తన పేరుకు తగ్గట్టే 2, 6 గేర్లలో పనిచేస్తుంది. 35ఆర్ క్లచ్ 3, 5, రివర్స్‌లో. లో-రివర్స్ బ్రేక్ ప్రధానంగా రివర్స్‌కు. ఇప్పుడు కస్టమర్ "3లో పడగానే ఇంజిన్ అరుస్తోంది, బండి లాగట్లేదు" అన్నాడనుకోండి. 5లోనూ రివర్స్‌లోనూ అదే జారుడు ఉంటే అనుమానం 35ఆర్ మీదికి వస్తుంది: ఆ క్లచ్ ప్లేట్లు, దాని పిస్టన్ సీలు, దానికి ఆయిల్ వదిలే సోలినాయిడ్. 3, 5 శుభ్రంగా ఉండి రివర్స్ ఒక్కటే బలహీనంగా ఉంటే 35ఆర్‌ను పక్కన పెట్టి లో-రివర్స్ బ్రేక్ వైపు చూడాలి. అన్ని గేర్లలోనూ జారుతుంటే ఏ ఒక్క క్లచ్ తప్పూ కాకపోవచ్చు. పంపు, ఫిల్టర్, ఆయిల్ మట్టం, కన్వర్టర్ లాంటి ఉమ్మడి భాగాలను అడగాలి. ఒక్క బోల్టు విప్పకుండా, ఒక పట్టిక సాయంతో ఇంత దూరం రావచ్చు. ఇలాంటి పట్టిక ప్రతి బాక్స్‌కూ రిపేర్ మాన్యువల్లో ఉంటుంది. దాన్ని చేతిలో పెట్టుకుని టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లే మెకానిక్‌లు మన దగ్గర ఇంకా ఎందుకు ఇంత తక్కువ అన్నది నన్ను బాధించే విషయం. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, చదివే ఓపిక చాలు.

బాక్స్ చేయని తప్పులు కూడా దాని ఖాతాలో పడుతుంటాయి. డి నుంచి ఆర్‌కి మార్చగానే వచ్చే ఠప్పుమనే దెబ్బ చాలాసార్లు చితికిన ఇంజిన్ మౌంటింగ్‌ది. లివర్ పీ నుంచి కదలకపోతే మొదట బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. ఆ లైట్లకూ లివర్ తాళానికీ ఒకే స్విచ్ ఆధారమైన కార్లు చాలా ఉన్నాయి. బ్యాటరీ బలహీనపడినా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా కంప్యూటర్ గందరగోళపడి, బాక్స్ ఒకే గేర్‌లో బిగుసుకుపోతుంది. డ్రైవ్ షాఫ్ట్ విరిగినా బండి కదలదు, కానీ అప్పుడు గేర్ వేస్తే కొన్ని కార్లలో స్పీడోమీటర్ ముల్లు లేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది వణుకు దగ్గర. గంటకు 60–80 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ తేలిగ్గా నొక్కి ఉంచినప్పుడు సన్నగా వచ్చే వణుకు ఇది. "రోడ్డు బాగాలేదేమో అనుకున్నా" అని కస్టమర్లు చెప్పేది దీని గురించే. ఇది కన్వర్టర్ లాకప్ క్లచ్‌ది కావచ్చు, ఇంజిన్ మిస్‌ఫైర్ కావచ్చు. ఖాళీ రోడ్డు మీద, అనుభవమున్న చేతిలో, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. కంప్యూటర్ లాకప్‌ను విడిచేస్తుంది. వణుకు ఆ క్షణమే ఆగితే లాకప్ క్లచ్ వైపు, ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిళ్ల వైపు వెళ్లాలి. లాకప్ క్లచ్ అని తేలినా వెంటనే కన్వర్టర్ మార్చనక్కర్లేదు. ఆయిల్‌లో ఘర్షణను అదుపు చేసే రసాయనాలు అయిపోయినప్పుడూ ఇదే వణుకు వస్తుంది. సరైన కొత్త ఆయిల్‌తో పోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆయిల్ దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఈ బాక్స్‌లో ఆయిల్ చేసే పని అరుగుదలను తగ్గించడం ఒక్కటే కాదు. శక్తిని మోసేదీ అదే, క్లచ్‌లను నొక్కేదీ, వేడిని బయటికి తీసుకుపోయేదీ అదే. ప్లేట్లు ఒకదాన్నొకటి పట్టుకునేటప్పుడు ఎంత జారాలో, ఎప్పుడు గట్టిగా పట్టాలో నిర్ణయించేదీ అదే. ఆ చివరి గుణం కోసం ఒకప్పుడు అమెరికాలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల ఆరంభంలో అంతరించిపోతున్న జీవుల రక్షణ చట్టాలతో అది ఆగిపోయాక, దానికి సాటి వచ్చే రసాయనం దొరికేదాకా బాక్సులు ఎక్కువగా పాడయ్యాయి. ఆయిల్‌లో ఒక్క దినుసు మారితేనే అంత తేడా. అలాంటిది "ఏదైనా ఎర్ర ఆయిల్ పోస్తే చాలు" అనే అలవాటు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. హ్యుందాయ్ 6 గేర్ల బాక్స్‌కి ఎస్‌పీ-4, ఇటీవలి హోండా సీవీటీలకు హెచ్‌సీఎఫ్-2 అని కంపెనీలు రాసేది అమ్మకం కోసమే అనుకోకూడదు. సీవీటీలో ఉక్కు బెల్టు ఉక్కు పుల్లీని పట్టుకోవాలి. కాగితపు లైనింగ్ ఉన్న క్లచ్‌ల కోసం చేసిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అక్కడ ఆ పట్టు ఇవ్వదు.

ఆయిల్ చూడటంలో మట్టం, రంగు, వాసన మూడూ సాక్ష్యాలే. ముదురు గోధుమ రంగు వయసును చెబుతుంది, దానంతట అది నేరం కాదు. నల్లబడి కాలిన వాసన వస్తే ప్లేట్లు మాడాయి. లేత గులాబీ రంగు నురగలా కనిపిస్తే నీళ్లు కలిశాయి. కొన్ని కార్లలో గేర్ ఆయిల్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది, అది పగిలితే కూలెంట్ బాక్స్‌లోకి వస్తుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ మునిగిన కార్లలో బ్రీదర్ గొట్టం గుండా వరద నీరే లోపలికి పోయే పరిస్థితి వచ్చింది. నీరు క్లచ్ ప్లేట్లకు లైనింగ్‌ను అంటించిన జిగురును దెబ్బతీస్తుంది. అలాంటి బండిని స్టార్ట్ చేసి షెడ్డుదాకా నడపడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. మునిగిన ఆటోమేటిక్ కారును ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తేవాలి.

చాలా కొత్త కార్లలో డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు (చాలా బాక్సులకు 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఎక్కడో) కింది ప్లగ్గు విప్పి, అందులోంచి సన్నని ధార కారి చుక్కలుగా మారే క్షణంలో మూయాలి. బండి లిఫ్ట్ మీద సమతలంగా ఉండాలి. ఒక పక్క జాకీ ఎత్తి చూసిన మట్టం తప్పు మట్టం. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే తిరిగే గేర్లు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాయి. రెండింటి ఫలితం ఒత్తిడి పడిపోవడమే.

ఆయిల్ మార్చాలా వద్దా అన్న వాదం ఈ రంగంలో పాతది. కొన్ని కార్ల కంపెనీలు జీవితకాలం మార్చనక్కర్లేదంటాయి. బాక్స్ తయారుచేసే జర్మన్ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం తన బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లలోపు మార్చమంటుంది. నేను తయారీదారు మాటే వింటాను. హైదరాబాద్ ట్రాఫిక్‌లో, మే నెల ఎండలో పాకే కారుకు ఆ గడువు కూడా ఎక్కువే. ఇంకో వాదం: ఎక్కువ తిరిగిన బాక్స్‌కి కొత్త ఆయిల్ పోస్తే జారడం మొదలవుతుందని. అలా జరిగిన బళ్లు ఉన్నాయి, కానీ వాటిలో చాలావాటికి ఆయిల్ మార్చడానికి కారణమే అప్పటికే మొదలైన జారుడు. ప్లగ్గు విప్పి వదిలితే పాత ఆయిల్‌లో సగం కూడా రాదు, మిగతాది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. నిర్లక్ష్యానికి గురైన బాక్స్‌కి యంత్రంతో ఒత్తిడి పెట్టి కడగడం కన్నా, కొన్ని వందల కిలోమీటర్ల ఎడంతో రెండు మూడు సార్లు పాత ఆయిల్ వదిలి కొత్తది పోయడం మేలు.

ఇక స్కానర్. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే చదువుతాయి. వాటిలో పి0700 కనిపించగానే "గేర్ బాక్స్ కోడ్ వచ్చింది" అని తీర్పు చెప్పేస్తారు. ఆ కోడ్‌కు అర్థం ఒక్కటే: గేర్ బాక్స్ కంప్యూటర్ దగ్గర ఒక కబురు ఉంది, వెళ్లి అడగండి. అడిగితే అక్కడ పి0715 ఉండొచ్చు, అంటే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్. కొన్ని బాక్సుల్లో బయటి నుంచే మార్చగలిగేది. పి0741 ఉండొచ్చు, లాకప్ క్లచ్ పట్టడం లేదని. దానికి సోలినాయిడ్, వాల్వ్ బాడీ అరుగుదల, కన్వర్టర్ మూడూ కారణాలు కాగలవు. కోడ్ అనేది ప్రశ్న ఎక్కడ వేయాలో చూపుతుంది, జవాబు ఇవ్వదు. జవాబు లైవ్ డేటాలో దొరుకుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ 2,000 చుట్లు, అవుట్‌పుట్ 1,000 చుట్లు తిరుగుతుంటే నిష్పత్తి 2. మాన్యువల్ ప్రకారం ఆ గేర్ నిష్పత్తి 1.8 అయితే 200 చుట్లు క్లచ్‌లో వేడిగా మారిపోతున్నాయి. ఇంజిన్ వేగంలోంచి టర్బైన్ వేగం తీసేస్తే కన్వర్టర్ జారుడు తెలుస్తుంది. లాకప్ పూర్తిగా పట్టాక అది సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ భాగహారాలు, తీసివేతలు చేసినవాడికి ఊహ అవసరం లేదు.

ప్రెషర్ గేజ్ ఇంకా సూటి సాక్షి. ఒత్తిడి పరీక్షకు ద్వారం ఉన్న బాక్స్‌లో గేజ్ బిగించి, ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ మాన్యువల్లోని అంకెలతో పోలిస్తే పంపు, రెగ్యులేటర్ సంగతి తేలిపోతుంది. స్టాల్ టెస్ట్ మీద మాత్రం నాకు అభిమానం లేదు. చక్రాలకు అడ్డం పెట్టి, బ్రేకులు బిగబట్టి, డిలో పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి ఇంజిన్ ఎన్ని చుట్లకు ఆగుతుందో చూడటం అది. ఎక్కువ చుట్లు వస్తే క్లచ్ జారుతోందని, తక్కువ వస్తే ఇంజిన్ నీరసంగా ఉందనో స్టేటర్ పాడైందనో అర్థం. ఐదు సెకన్లు దాటితే ఆయిల్ మరిగిపోతుంది. పైగా కొత్త కార్లలో నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ బలాన్ని కంప్యూటరే కత్తిరిస్తుంది కాబట్టి వచ్చే అంకెకు విలువ లేదు. మాన్యువల్ చెప్పిన కార్లకు మాత్రమే, చెప్పినంతసేపే చేయాలి.

కారులో ఉండగా చివరి సాక్ష్యం ఆయిల్ పాన్, అది ఉన్న బాక్సుల్లో. పాన్ విప్పి లోపలి అయస్కాంతాన్ని చూడాలి. దాని మీద పేరుకున్న బూడిద రంగు పొడి వేలికి తడి విభూతిలా మెత్తగా అంటితే భయం లేదు, అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య గరుకుగా తగిలే ఇనుప ముక్కలైతే గేరో, బేరింగో చెడింది. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపులు బుష్‌లవి. నల్లటి పెళుసు రేకులు క్లచ్ లైనింగ్. ఇక్కడ ఫోటో తీసి యజమానికి చూపించాలి. పాన్ శుభ్రంగా ఉండి, లోపం ఒక సోలినాయిడ్ దగ్గర గానీ వాల్వ్ బాడీ దగ్గర గానీ తేలితే చాలా బాక్సుల్లో కిందనుంచో పక్క మూత విప్పో ఆ పని చేయవచ్చు. బాక్స్ కదలదు. పాన్‌లో లోహపు ముక్కలు కనిపించినా, నిష్పత్తి లెక్క, ఒత్తిడి అంకె, టెస్ట్ డ్రైవ్ ఒకే చోటికి చేరినా అప్పుడు దించాలి.

అన్ని లోపాలూ వాడకం వల్ల వచ్చేవి కావు. డీసీటీ విషయంలో తయారీ లోపాలు కోర్టుల దాకా వెళ్లాయి. వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో 7 గేర్ల డీఎస్‌జీలోని సింథటిక్ ఆయిల్ విద్యుత్ లోపాలకు దారితీస్తోందని ఫోక్స్‌వ్యాగన్ 2013లో ప్రపంచవ్యాప్తంగా 16 లక్షల కార్లను పిలిపించి మినరల్ ఆయిల్ పోసింది. పవర్‌షిఫ్ట్ అనే డీసీటీ బాక్స్ కస్టమర్ల ఫిర్యాదులను ఎదుర్కొన్న తీరుకు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2018లో ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కస్టమర్లు నడిపే తీరు వల్లే సమస్య అని కంపెనీ నెట్టేసిందన్నది అక్కడి అభియోగాల్లో ముఖ్యమైనది. మన యజమానులు కూడా ఆ మాట వింటూనే ఉంటారు.

ఈ పరీక్షలకూ మరమ్మతుకూ కావలసిన రిపేర్ మాన్యువల్, స్కానర్, విడిభాగం ఎవరి చేతిలో ఉన్నాయన్నది మన దేశంలో ఇంకా తెగని విషయం. బయటి షెడ్లకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు, సాంకేతిక సమాచారం అందకుండా చేశారని భారత కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, వాహనాలు కూడా అందులో ఉన్నాయి. పని మాత్రం ఇప్పటికీ రెండుగా చీలి ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సమాచారం ఉంటుంది, కానీ చాలాచోట్ల బాక్స్ తెరిచే అలవాటు లేదు, మొత్తం అసెంబ్లీ మార్చేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట తెరిచి బాగుచేసే చేతులు ఉంటాయి, సమాచారం ఉండదు. ఈ చేతులకు ఆ సమాచారం అందితే ఎన్ని బాక్సులు బతికేవో అనిపిస్తుంది.

ఇక దించడం. ముందు చక్రాలతో నడిచే కారులో ఇది పగలంతా పట్టే పని. బ్యాటరీ నెగటివ్ తీసి, బ్యాటరీ, దాని ట్రే, గాలి ఫిల్టర్ డబ్బా తొలగిస్తే పైనుంచి బాక్స్ కనిపిస్తుంది. కనెక్టర్లు, గేర్ కేబుల్, కూలర్ గొట్టాలు విడదీయాలి. విడదీసిన ప్రతి గొట్టానికీ మూత పెట్టాలి. వాల్వ్ బాడీకి ఇసుక రేణువు చాలు. ఇంజిన్‌ను పైనుంచి సపోర్ట్ బార్‌కు వేలాడదీయాలి. ఆయిల్ చాంబర్ కింద జాకీ పెట్టి ఇంజిన్ మోయించడం చాంబర్‌ను చితక్కొట్టడమే. ఆయిల్ తీసి, చక్రాలు విప్పి, డ్రైవ్ షాఫ్టులను లోపలి జాయింట్ దగ్గర లివర్‌తో ఊడదీయాలి. షాఫ్ట్ పట్టుకుని గుంజితే జాయింటే లోపల విడిపోతుంది. సబ్‌ఫ్రేమ్ దించాల్సి వస్తే ముందు దాని స్థానానికి గుర్తులు పెట్టాలి, స్టీరింగ్‌ను నిటారుగా కట్టేయాలి. స్టీరింగ్ షాఫ్ట్ విడిపోయాక ఎవరైనా స్టీరింగ్ చక్రం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ వైరు చుట్ట తెగుతుంది.

తర్వాత కన్వర్టర్ బోల్టులు. సెల్ఫ్ మోటార్ తీసిన కంతలోంచో, చిన్న కిటికీలోంచో క్రాంక్ పుల్లీని తిప్పుకుంటూ ఒక్కొక్క బోల్టు విప్పాలి. విప్పే ముందు కన్వర్టర్‌కీ, అది బిగిసి ఉండే ఇంజిన్ వైపు ఫ్లెక్స్ ప్లేటుకీ కలిపి ఒక గీత గీయాలి. ఇవి ప్రత్యేకంగా పొట్టి బోల్టులు. పోయిందని పొడుగు బోల్టు బిగిస్తే అది కన్వర్టర్ ముఖాన్ని లోపలికి నొక్కి, లాకప్ క్లచ్ రాసుకునే తలాన్ని చెడగొడుతుంది. బాక్స్‌ను ఇంజిన్‌కి పట్టి ఉంచే బెల్ హౌసింగ్ బోల్టులు పొడవుల్లో తేడాగా ఉంటాయి. ఒక అట్ట మీద బాక్స్ ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చి పెట్టుకోవడం మంచి పద్ధతి. బాక్స్‌ను గొలుసుతో ట్రాన్స్‌మిషన్ జాకీకి కట్టి, రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి జరిపి ఆగాలి. కన్వర్టర్ బాక్స్‌తోపాటే వస్తోందా, ఇంజిన్ వైపు అతుక్కుని ఉందా చూడాలి. లోపల ఆయిల్ నిండి బరువుగా ఉండే ఆ కన్వర్టర్ సగంలో జారితే సీలు, షాఫ్టే కాదు, కింద ఉన్నవాడి కాళ్లూ పోతాయి. ఇన్నోవాలాంటి వెనక చక్రాల బండిలో డ్రైవ్ షాఫ్టులకు బదులు ప్రొపెల్లర్ షాఫ్టుకు గుర్తు పెట్టి దించి, క్రాస్ మెంబర్ తీయాలి. మిగతా పద్ధతి దాదాపు ఇదే.

దిగిన బాక్స్ తెరిచాక కాలిన ప్లేట్లు కనిపిస్తాయి. అవి లోపం కాదు, లోపం మిగిల్చిన గుర్తు. పిస్టన్ సీలు చీలిందా, వాల్వ్ బాడీలో వాల్వ్ జారే గుంత అరిగి ఒత్తిడి కారిపోతోందా, కూలర్ మూసుకుపోయిందా అన్నది తేల్చకుండా కొత్త ప్లేట్లు వేస్తే అవీ మాడతాయి. వాల్వ్ బాడీ గుంతలను వ్యాక్యూమ్‌తో పరీక్షించే పద్ధతి ఉంది, తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ఇంజిన్ వెనక సీలు, ఫ్లెక్స్ ప్లేటులో సన్న పగుళ్లు చూడటానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. లోహపు పొడి తిరిగిన బాక్స్‌కి పాత కన్వర్టర్, పాత కూలర్ అలాగే బిగించడం నేను ఒప్పుకోను. కన్వర్టర్ లోపల కడగడం కుదరదు. కూలర్ గొట్టాల్లో మిగిలిన పొడి మొదటి రోజే కొత్త వాల్వ్ బాడీలోకి చేరుతుంది.

బిగించడంలో అన్నిటికన్నా సున్నితమైనది కన్వర్టర్ కూర్చోబెట్టడం. టర్బైన్ పళ్లు, స్టేటర్ పళ్లు, పంపును తిప్పే కొమ్ములు మూడూ ఒకదాని తర్వాత ఒకటి కలవాలి. కన్వర్టర్‌ను రెండు చేతులతో తిప్పుతూ లోపలికి నెడుతుంటే అది ఒక్కో మెట్టు దిగుతున్నట్టు చేతికి తెలుస్తుంది. చాలా బాక్సుల్లో ఆ దిగడం మూడుసార్లు అందుతుంది. రెండింటితో ఆగిపోయిన కన్వర్టర్ చూడటానికి పూర్తిగా కూర్చున్నట్టే ఉంటుంది. అందుకే బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డం పెట్టి లోతు కొలిచి, మాన్యువల్లోని అంకెతో సరిచూడాలి. బాక్స్‌ను ఇంజిన్‌కి చేర్చాక రెండు అంచులూ చేత్తోనే కలిసిపోవాలి, కన్వర్టర్ చేత్తో తేలిగ్గా తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేటుకీ మధ్య కొద్ది మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కలవని అంచులను బోల్టులతో గుంజి బిగిస్తే పంపు లోపలే పగులుతుంది. అప్పుడు స్టార్ట్ చేసిన నిమిషంలోనే బాగుచేసిన బాక్స్ మళ్లీ దిగాలి. డోవెల్ పిన్నులు రెండూ చోట ఉన్నాయో లేదో కూడా చూడాలి. ఒకటి లేకపోతే బాక్స్ వెంట్రుకవాసి పక్కకు కూర్చుని, ముందు సీలును మెల్లమెల్లగా తినేస్తుంది.

ఆయిల్ పోశాక, ముందు చెప్పిన వేడిలో, ఇంజిన్ నడుస్తుండగా, ప్రతి గేర్‌లోకీ లివర్ తిప్పి మట్టం సరిచేయాలి. కంప్యూటర్ పాత అరిగిన ప్లేట్లకు అలవాటుపడి దాచుకున్న లెక్కలను చెరిపి, కంపెనీ చెప్పిన క్రమంలో మళ్లీ నేర్పాలి. ఇది చేయకపోతే కొత్త బాక్స్ కూడా కుదుపుతుంది, నింద మళ్లీ బాగుచేసినవాడి మీద పడుతుంది. తర్వాత, దించక ముందు తీసిన లైవ్ డేటాను అదే రోడ్డు మీద, అదే వేగాల్లో ఇంకోసారి తీయాలి. ప్రతి గేర్ నిష్పత్తి, లాకప్ జారుడు, ఆయిల్ వేడి, గేజ్ పెట్టగలిగిన బాక్స్ అయితే ఒత్తిడి. ముందూ తర్వాతా తీసిన ఆ రెండు లెక్కల కాగితాలనూ, మార్చిన పాత భాగాలనూ బిల్లుతో పాటు యజమాని చేతికివ్వాలి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత బండిని ఒకసారి పిలిపించి, సీళ్ల దగ్గర చెమ్మ, ఆయిల్ రంగు, మట్టం చూసి పంపాలి.